నీళ్లు విడవని గోబి

పోయిన జనవరిలో మా అన్న బిడ్డ పుట్టినరోజుకు కరీంనగర్ ఇంట్లోనే బర్గర్లు చేశాం. పక్కన కోల్‌స్లా కూడా కావాలని పిల్ల అడిగింది. పత్తగోబి సన్నగా తరిగాను, క్యారెట్ కోరాను. ఉప్పూ మిరియాల పొడీ చల్లి, కొని తెచ్చిన మయొనైజ్ సగం సీసా కలిపి మూత పెట్టేసరికి సాయంత్రం ఐదు. చుట్టాలొచ్చి కేకు కోసేసరికి ఎనిమిది దాటింది. మూత తీస్తే వెన్నలా చిక్కగా ఉండాల్సిన గిన్నెలో పాలగిన్నె కడిగిన నీళ్లలాంటివి నిలిచి ఉన్నాయి. వాటిలో గోబి వాడిపోయి తేలుతోంది. బర్గర్‌లో పెడితే రొట్టె అడుగు నానిపోయింది.

అమ్మ గరిటెతో అడుగుదాకా కలిపి చూసింది. "ఉప్పేసి గింతసేపు మూతపెడ్తె ఊట ఊరదా బిడ్డా? ఏటేటా మామిడికాయ తొక్కుకు ఊట ఎట్లొస్తదో సూస్తలేవా?"

ఈ అధ్యాయం ఆ ఊట గురించే. ఇంట్లో చిక్కటి కోల్‌స్లా కుదరాలంటే ముందు నీళ్ల సంగతి తెలియాలి. గోబి కణాల్లో నీళ్లున్నాయి, పెరుగు గడ్డలో నీళ్లున్నాయి, మయొనైజ్‌లో నూనె చుక్కల సందుల్లోనూ నీళ్లున్నాయి. ఒక్కోచోట ఒక్కో పట్టు వాటిని ఆపుతుంది. ఆ పట్టు సడలిందంటే గిన్నె అడుగున తేలేవి ఆ నీళ్లే.

వంద గ్రాముల గోబిలో సుమారు 92 గ్రాములు నీళ్లే. అంత నీరున్నది చేతిలో రాయిలా గట్టిగా ఎందుకుంటుంది? ఆకులోని ప్రతి కణానికీ మధ్యలో రిక్తిక అనే నీళ్ల సంచి ఉంటుంది. ఆ నీళ్లలో చక్కెరలు, లవణాలు కరిగి ఉంటాయి. సంచి ఉబ్బి కణకవచాన్ని లోపలి నుంచి నెడుతుంది. చాలా మొక్కల కణాల్లో ఈ నెట్టుడు కారు టైరులోని గాలి ఒత్తిడికి రెండు మూడు రెట్లుంటుంది. తాజా గోబి మీద కత్తి పెట్టగానే వినపడే కరకర, ఉబ్బి ఉన్న ఆ సంచులు పగిలే చప్పుడే.

తరిగిన గోబి మీద ఉప్పు పడితే, తడి అంచుల మీద అది కరిగి పల్చటి పొరలా పరుచుకుంటుంది. ఆ పొర కణంలోని రసం కంటే ఎన్నో రెట్లు ఉప్పన. కణం చుట్టూ ఉండే పొర నీటిని సులువుగా పోనిస్తుంది, ఉప్పును అంత సులువుగా రానివ్వదు. అందుకే నీళ్లే బయటికి నడుస్తాయి, పల్చటి రసం ఉన్నచోటి నుంచి చిక్కటి రసం ఉన్నచోటికి. పాఠ్యపుస్తకాలు దీన్ని ద్రవాభిసరణ అంటాయి, మా అమ్మ ఊట అంటుంది. మామిడి ముక్కలు జాడీలో మూడు రోజులు ఊరి నూనె కింద నీళ్లు చేరడానికీ, కాకరకాయ చక్రాలకు ఉప్పు పట్టించి పిండితే చేదునీళ్లు కారడానికీ కారణం ఇదే. మనకు తరతరాలుగా తెలిసిన పనే. సీసా మీద ఇంగ్లిషు పేరు కనపడేసరికి నేను మర్చిపోయాను.

ఇక్కడ చాలామంది పొరబడతారు. ఉప్పు వెయ్యకుండా కలిపితే నీరూరదు కదా అనుకుంటారు. కానీ మయొనైజ్‌లోనూ ఉప్పు, చక్కెర, పులుపు ఉన్నాయి, నీళ్లను లాగే పని అవీ చేస్తాయి. గంట ఆలస్యం కావచ్చు గానీ ఊట మాత్రం తప్పదు. కాబట్టి ఊరాల్సిన నీళ్లను ముందే ఊరనిచ్చి, పిండి పారబోసి, తర్వాతే చిక్కటిది కలపాలి. అరకిలో గోబికి చెంచాన్నర ఉప్పు, అంటే ఎనిమిది గ్రాముల దాకా, చేత్తో మెల్లగా పట్టించి నలభై నిమిషాలు జల్లిగిన్నెలో ఉంచండి. తర్వాత గుప్పిట పట్టి పిండితే మా ఇంట్లో చిన్న టీగ్లాసెడు నీళ్లొచ్చాయి. ఆ గ్లాసెడే ఆ సాయంత్రం నా గిన్నెలో తేలింది. పిండిన గోబి మెత్తబడుతుంది కానీ చచ్చుబడిపోదు. కణకవచం సెల్యులోజ్‌తో కట్టిన గోడ, నీళ్లు పోయినా ఆ గోడ నిలబడే ఉంటుంది. అందుకే పంటికింద కరకర కొంత మిగులుతుంది.

కోల్‌స్లా అన్నది డచ్చి మాట. కోల్ అంటే గోబి, స్లా అంటే సలాడ్. న్యూయార్క్ ప్రాంతంలో స్థిరపడ్డ డచ్చివాళ్ల వంటింటి నుంచి అమెరికా ఇంగ్లిషులోకి పోయింది. ఆ కోల్ లాటిన్‌లో కాడ అనే అర్థమున్న కౌలిస్ నుంచి పుట్టింది. అదే కౌలిస్ పోర్చుగీసులో కోవ్ అయ్యి, పోర్చుగీసువాళ్లతో పడమటి తీరంలో దిగి, మరాఠీలో కోబీ అయ్యింది. మా వదినది ఆదిలాబాద్ దాటాక పెన్‌గంగ అంచున ఉన్న బేల మండలం. ఏరు దాటితే మహారాష్ట్ర. వాళ్లింట్లో సగం మాటలు మరాఠీవి, గోబిని కోబీ అనే అంటారు. డచ్చి అమ్మమ్మ కోల్, మా వదిన కోబీ ఒకే తల్లి పిల్లలని తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

మాట ఒక్కటే కాదు, వంట కూడా వాళ్లింట్లో ముందునుంచీ ఉంది. సన్నగా తరిగిన పచ్చి కోబీ, పెరుగు, వేయించి దంచిన పల్లీల పొడి, నిమ్మరసం, చిటికెడు చక్కెర, పైన ఆవాల పోపు. దాన్ని కోశింబీర్ అంటారు, జొన్నరొట్టెతో తింటారు. నా కోల్‌స్లా పాడైన వారం తర్వాత ఈ కోశింబీర్ తింటూ, చిక్కదనం మయొనైజ్ సొత్తేమీ కాదని నాకు అర్థమైంది.

అసలు చిక్కదనం ఏమిటి? మయొనైజ్‌లో మూడొంతులు నూనె, మిగిలిన వంతులో నీళ్లు, పులుపు, గుడ్డు సొన. నూనె జారుతుంది, నీళ్లు జారుతాయి, రెండూ కలిసి మాత్రం చెంచా మీద ముద్దలా నిలబడతాయి. గిలకొట్టినప్పుడు నూనె చిన్న చిన్న చుక్కలుగా చీలిపోతుంది. ఒక్కోటి మిల్లీమీటరులో వెయ్యో వంతు నుంచి వందో వంతు దాకా ఉంటుంది. సొనలోని లెసిథిన్ ఒక చేత్తో నూనెను, ఇంకో చేత్తో నీళ్లను పట్టుకొని ఒక్కో చుక్క చుట్టూ కంచె కడుతుంది. సొన నుంచి దాన్ని వేరుచేసి 1850లో ఆ పేరు పెట్టినవాడు ఫ్రెంచి రసాయనవేత్త థియోడోర్ గోబ్లీ. లెకిథోస్ అంటే గ్రీకులో గుడ్డు సొన. కంచె ఉన్నంతసేపు చుక్కలు ఒకదానిలో ఒకటి కలవవు. కలవలేని కోట్ల చుక్కలు ఇరుకు నీళ్లలో ఒకదాన్నొకటి ఒత్తుకొని ఉంటాయి. శివరాత్రి నాడు వేములవాడ రాజన్న గుడి క్యూలో నిలబడ్డవాళ్లకు ఈ సంగతి ఒంటికి తెలుసు. నడవడం ప్రతి మనిషికీ వచ్చు, గుంపు మాత్రం కదలదు. ఇలా నీళ్లలో నూనె చుక్కలు నిలిచే కలయికను ఎమల్షన్ అంటారు, దాని చిక్కదనం అంటే అదే.

గోబి నీళ్లు విడిచినప్పుడు ఆ క్యూ మధ్యలో ఖాళీ జాగా వస్తుంది. చుక్కలు ఎడమైపోతాయి, ముద్ద పల్చబడి పారుతుంది. ఆ రోజు మయొనైజ్ చెడిపోలేదు, దానికి నీళ్లు ఎక్కువయ్యాయి, అంతే.

అయితే పచ్చి గుడ్డు సొనతో మయొనైజ్ ఇంట్లో చెయ్యవద్దనే నేను గట్టిగా చెబుతాను. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో మోమోలు తిని ఒక మహిళ చనిపోయింది, చాలామంది ఆసుపత్రుల పాలయ్యారు. మయొనైజ్ మీద అనుమానంతో ఆ నెల 30న తెలంగాణ ఆహార భద్రతా కమిషనర్ పచ్చి గుడ్లతో చేసే మయొనైజ్ తయారీ, నిల్వ, అమ్మకాలను ఏడాదిపాటు నిషేధించారు. కేరళ అంతకుముందే 2023 జనవరిలో ఆ పని చేసింది, తమిళనాడు 2025 ఏప్రిల్‌లో చేసింది. భయం సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాతో. అది గుడ్డు పెంకు మీదా ఉండొచ్చు, లోపలా ఉండొచ్చు. ఉడికిస్తే చస్తుంది. మయొనైజ్‌లో సొన ఉడకదు. అనుకూలమైన వేడిలో ఇలాంటి బ్యాక్టీరియా ఇరవై ముప్పై నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. అరగంట చొప్పున లెక్కేసినా నాలుగు గంటల్లో ఒకటి 256 అవుతుంది. రామగుండం, జగిత్యాల, మంచిర్యాల వైపు మే నెలలో 45 డిగ్రీల ఎండలు మామూలే. అక్కడ వంటింటి గట్టు మీద పెట్టిన గిన్నె బ్యాక్టీరియాకు పెంపుడిల్లు. గుడ్డు రుచి కావాలనుకుంటే గట్టిగా ఉడికించిన సొనను మెత్తగా మెదిపి వాడండి. ఉడికినా లెసిథిన్ పాడుకాదు, నూనెను పట్టుకునే పని బాగానే చేస్తుంది.

మనకు గుడ్డు లేకుండానే మంచి దారి ఉంది. అది పెరుగు.

పెరుగు చిక్కదనం వేరే రకం. అక్కడ చుక్కల గుంపు లేదు, వల ఉంది. పాలలో కేసిన్ అనే ప్రోటీన్ చిన్న చిన్న ఉండలుగా తేలుతుంటుంది. ఒక్కో ఉండ సుమారు మిల్లీమీటరులో పదివేలో వంతు. వాటి మీద రుణావేశం ఉండటంతో ఒకదాన్నొకటి దూరం నెట్టుకుంటాయి. తోడు వేసినప్పుడు అందులోని బ్యాక్టీరియా పాలచక్కెరను తిని లాక్టిక్ ఆమ్లం విడుస్తుంది. పులుపు పెరిగి పీహెచ్ 4.6 దగ్గరికి దిగేసరికి ఆ ఆవేశం చల్లారిపోతుంది. ఉండలు ఒకదానికొకటి అతుక్కొని దారాలై, దారాలు అల్లుకొని వలవుతాయి. మానేరు డ్యాంలో వేసే వల చేపను పట్టి నీళ్లను వదిలేస్తుంది. ఈ వల కళ్లు ఎంత సన్నమంటే నీళ్లనే పట్టి ఉంచుతుంది.

కానీ వలను కోస్తే నీళ్లు సందు దొరకబుచ్చుకొని పారిపోతాయి. గడ్డపెరుగులో ఒక గరిటెడు తీసి మూతపెట్టండి, తెల్లారి ఆ గుంటలో లేత పసుపుపచ్చ తేట నిలిచి ఉంటుంది. ఆ రంగు రైబోఫ్లావిన్‌ది, అంటే బి2 విటమిన్‌ది. గిలకొట్టిన పెరుగును నేరుగా గోబిలో కలిపితే తెగిన వల నుంచి వచ్చే ఈ తేట, గోబి ఊట రెండూ కలిసి గిన్నె నిండుతుంది. అందుకే పెరుగును పల్చటి నూలుగుడ్డలో మూటగట్టి రెండు మూడు గంటలు వేలాడదీయాలి. ఎండాకాలమైతే జల్లిగిన్నెలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. అరలీటరు పెరుగు సగానికి దిగుతుంది, చెంచా నిలబెడితే నిలబడుతుంది. మా వదిన దాన్ని చక్కా అంటుంది, శ్రీఖండ్ చేసేది దాంతోనే. కారిన తేటను పారబోయకండి, చారులో పోస్తే పులుపు కమ్మగా ఉంటుంది.

బర్రెపాల పెరుగైతే మేలు. బర్రెపాలలో కొవ్వు ఏడు శాతం దాకా, ఆవుపాలలో నాలుగు శాతం దగ్గర ఉంటుంది. కేసిన్ కూడా బర్రెపాలలోనే ఎక్కువ, వల ఒత్తుగా అల్లుకుంటుంది. ప్యాకెట్ పాలైతే కొవ్వు ఎక్కువున్నవి తీసుకోండి.

పెరుగు తోడుకునే వేడి గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల మధ్య తేడా అంతా ఇక్కడే ఉంది. కరీంనగర్ ఎండాకాలంలో రాత్రి తోడేస్తే తెల్లవారకముందే పెరుగు పేరుకొని పుల్లబడుతుంది. ఆదిలాబాద్‌లో డిసెంబర్, జనవరి నెలల్లో చలి ఆరేడు డిగ్రీలకు దిగుతుంది, తిర్యాణి, సిర్పూర్ వైపు ఇంకా కిందికి పోతుంది. అప్పుడు బేలలో మా వదిన వాళ్లమ్మ తోడేసిన గంజును గొంగడిలో చుట్టి పొయ్యి పక్కన పెడుతుంది. అయినా పొద్దెక్కితే గాని పేరుకోదు. ఆలస్యమైందని విసుక్కుంటాం గానీ, ఆ పెరుగే మన పనికి మంచిది. వేడిలో గబగబా పులిసిన పెరుగులో వల మోటుగా, పెద్ద పెద్ద సందులతో అల్లుకుంటుంది, తేట ఎక్కువ వదులుతుంది. తక్కువ వేడిలో నిదానంగా పేరుకున్నదాంట్లో అల్లిక సన్నంగా ఉంటుంది, నీళ్లను బాగా పట్టి ఉంచుతుంది. పైగా గోబి కూడా చలికాలపు పంటే. చలికి ఆ జాతి మొక్కలు కణాల్లో చక్కెర కూడబెట్టుకుంటాయి, అందుకే పుష్య మాఘాల్లో గోబి తియ్యగా ఉంటుంది. నా లెక్కన కోల్‌స్లాకు తెలుగునాట ఆదిలాబాద్ చలికాలాన్ని మించిన కాలం లేదు.

చక్కాలో చిక్కదనం ఉంది, మయొనైజ్‌లో ఉండే నూనె కమ్మదనం మాత్రం లేదు. ఆ లోటు పల్లీలు తీరుస్తాయి. పల్లీగింజలో దాదాపు సగం నూనే, నాలుగో వంతు ప్రోటీన్. ఆ నూనె గింజలో చిన్న చిన్న బొట్లుగా, ఒక్కో బొట్టు చుట్టూ ప్రోటీన్ పొరతో ఉంటుంది. అంటే ఎమల్షన్‌కు కావాల్సిన సామాను గింజలో ముందే సర్ది ఉంది. దోరగా వేయించి, పొట్టు తీసి, రెండు చెంచాల నీళ్లతో వెన్నలా రుబ్బితే ప్రోటీన్ నూనె చుక్కలను పట్టుకుంటుంది. పల్లీలు పడనివాళ్లకు నువ్వులు ఉన్నాయి. జగిత్యాల పక్కన పొలాసలోని వ్యవసాయ పరిశోధన స్థానం నువ్వు రకాల మీద పని చేస్తుంది, తెల్లగింజల శ్వేత తిల్ అక్కడి నుంచి వచ్చిన రకమే. తెల్ల నువ్వులు లేతగా వేయించి రుబ్బితే కోల్‌స్లా రంగు కూడా మారదు. మా ఇంట్లో పల్లీలకే ఓటు.

ఇక ఆవాలు. గోబి, ఆవాలు ఒకే కుటుంబం. రెండింటిలోనూ సినిగ్రిన్ అనే గంధక పదార్థం ఒక అరలో, మైరోసినేజ్ అనే ఎంజైమ్ ఇంకో అరలో ఉంటాయి. కత్తి పడి అరలు పగిలితే రెండూ కలిసి ముక్కుకెక్కే ఘాటు పుడుతుంది. పురుగును తరమడానికి మొక్క చేసుకున్న ఏర్పాటు అది. పోపులో వేగిన ఆవాలకు ఆ ఘాటు రాదు, నూనె వేడికి ఎంజైమ్ చచ్చిపోతుంది, కమ్మటి వాసనే మిగులుతుంది. ఘాటు కావాలంటే అరచెంచా ఆవపొడిని చల్లటి నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి కలపాలి. కోస్తావాళ్లు ఆవపెట్టిన కూరలో ఆవను చివర్లో కలపడం వెనక ఉన్నదీ ఈ తెలివే. ఆవపొడి నానితే జిగురు కూడా వస్తుంది, అది నూనె చుక్కలు విడిపోకుండా కాస్త సాయపడుతుంది. గోబిని ఎక్కువసేపు ఉడికించినప్పుడు వచ్చే ఆ పాడు వాసన మాత్రం వేరు. గంధక పదార్థాలు విరిగి హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటివి పుడతాయి. గోబి కూర వద్దని ముఖం తిప్పుకునే పిల్లలు పచ్చి కోల్‌స్లా ఇష్టంగా తినడం నేను చూశాను.

పచ్చిగా తింటే గోబి పురుగు మెదడుకెక్కుతుందని మన దగ్గర చాలామందికి భయం. ఆ భయంలో సగమే నిజం. ఆకు మడతల్లో కనపడే ఆకుపచ్చ పురుగు సీతాకోకచిలుకల జాతిది, అది మెదడుకు పోదు. ప్రమాదం పంది బద్దెపురుగు గుడ్లతో. అవి మనిషి మలంతో కలుషితమైన నేల నుంచి, నీళ్ల నుంచి ఆకుకు అంటుకుంటాయి. కంటికి కనపడవు. గోబికే కాదు, కొత్తిమీరకూ అంటుకోవచ్చు. ఉప్పునీళ్లలో నానబెడితే చస్తాయని నమ్మవద్దు, వాటి పెంకు చాలా గట్టిది. వాటిని కడిగి వదిలించుకోవాల్సిందే. పైన రెండు మూడు ఆకులు తీసేసి, గోబిని నాలుగు చీలికలు చేసి, ఆకులు విడదీసి, పారే నీళ్ల కింద ఒక్కో ఆకునూ రెండువైపులా వేళ్లతో రుద్ది కడగాలి. తరిగాక కడిగితే లాభం లేదు. పది నిమిషాల పని, దాన్ని తగ్గించుకోకూడదు.

మళ్లీ ఫిబ్రవరిలో చేశాను. అరకిలో గోబిని అమ్మ కత్తిపీట మీద దారాల్లా తరిగింది. మిక్సీ జారులో తిప్పితే కణాలు ఎక్కువ చితికి ఊట ఎక్కువవుతుంది. ఉప్పు పట్టించి నలభై నిమిషాలకు పిండాను, ఒక పోగు నోట్లో వేసుకొని ఉప్పు ఎక్కువనిపిస్తే చల్లటి నీళ్లలో ఒకసారి జాడించి మళ్లీ పిండాను. క్యారెట్ ఒకటి కోరాను. రెండు వందల గ్రాముల చక్కా, మూడు చెంచాల పల్లీముద్ద, నానిన ఆవపొడి, చెంచా చక్కెర, మిరియాల పొడి, సగం నిమ్మకాయ రసం వేరే గిన్నెలో మెత్తగా కలిపాను. అందులో గోబిని వేసి రెండు గరిటెలతో పైకీ కిందికీ తిప్పాను. మళ్లీ ఉప్పు వెయ్యలేదు. ఫ్రిజ్‌లో రెండు గంటలు ఉంచితే పులుపు గోబికి పడుతుంది. బయట పెడితే రెండు గంటలు మించనివ్వవద్దు, 32 డిగ్రీలు దాటిన ఎండలో అయితే గంటే.

సాయంత్రానికి సగం అయిపోయింది. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు మధ్యాహ్నం తీశాం. అమ్మ గిన్నెను ఒక పక్కకు వంచి చూసింది. అడుగున చెంచాడు తేట ఉంది. గరిటెతో ఒక్కసారి తిప్పితే అదీ కలిసిపోయింది. వదిన జొన్నరొట్టెలు కాల్చి ఒక్కొక్కటే పెడుతోంది, పిల్ల రెండో రొట్టెకు కూడా అదే వేయించుకుంది.